లవణ ఒత్తిడిలో పైర్లపై సిలికాన్ ప్రభావం

సిలికాన్ ఒక రసాయన మూలకం. దీని పరమాణు సంఖ్య 14. భూమి పైపొరలో ఆక్సిజన్ తరువాత అత్యధికంగా లభించే మూలకం ఇదే. బరువులో సుమారు 28 శాతం ఉంటుంది. ఉప్పు నేలలలోను, ఉప్పునీటి పారుదల క్రింద పెరిగే పైర్లకు సిలికాన్ అందినపుడు వాటికి కలిగే హాని కొంత తగ్గుతుందని అనేక ప్రయోగాలలో తేలింది. ఈ ప్రభావం వరిలో స్పష్టంగా కనిపిస్తుంది. వేరు గుండా ఆకులలోకి చేరే సోడియంను సిలికాన్ తగ్గించడమే ఇందుకు ముఖ్య కారణమని పరిశోధనలు సూచిస్తున్నాయి. అయితే సిలికాన్ నేలలోని ఉప్పును తొలగించదు. చౌడు నేలల పునరుద్ధరణలో మురుగునీటి పారుదలకు గాని, జిప్సంకు గాని, లవణాలను తట్టుకునే వంగడాలకు గాని ఇది ప్రత్యామ్నాయం కాదు.

చౌడు నేలలు, లవణ ఒత్తిడి

నేలలో కరిగే లవణాలు అధికమై, సంతృప్త మట్టి ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్‌ను మించితే ఆ నేలను ఉప్పు నేలగా వర్గీకరిస్తారు. వేసవిలో తెల్లని పొర పైకి తేలే ఇటువంటి నేలను ఆంధ్ర ప్రాంతంలో పాలచౌడు అంటారు. లవణాల మొత్తం కంటే మట్టి రేణువులను అంటిపెట్టుకున్న సోడియం ఎక్కువై, పి.హెచ్. 8.5 దాటిన నేల కారుచౌడు. వీటి స్వభావం వేరు, బాగుచేసే పద్ధతి కూడా వేరు. పాలచౌడును మంచినీటితో కడిగి మురుగును బయటకు పంపాలి. కారుచౌడుకు ముందుగా జిప్సం వేయాలి. సిలికాన్‌పై జరిగిన ప్రయోగాలలో అత్యధిక భాగం మొదటి రకపు పరిస్థితులను, అనగా సోడియం క్లోరైడు కలిపిన నీటిని, దృష్టిలో ఉంచుకొని జరిగినవే.

భారతదేశంలో లవణ ప్రభావిత నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లు ఉన్నట్లు అంచనా. వీటి పరిశోధన కోసం హర్యానాలోని కర్నాల్‌లో 1969లో కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధనా సంస్థ ఏర్పడింది. కృష్ణా, గోదావరి డెల్టాల శివారు భూములలో కాలువ నీరు చివరి వరకు అందకపోవడం, మురుగు కాలువలు పూడిపోవడం, సముద్రపు పోటు, ఉప్పెనలు చౌడుకు కారణాలవుతున్నాయి. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో సముద్రపు నీరు పొలాలను ముంచెత్తింది.

ఉప్పు పైరుకు రెండు విధాలుగా హాని చేస్తుంది. మొదటిది ద్రవాభిసరణ సంబంధమైనది. నేలలో తడి ఉన్నప్పటికీ వేరు దానిని పీల్చుకోలేదు. మొక్క నీటి ఎద్దడికి గురైనట్లే ప్రవర్తిస్తుంది, ఆకుల పెరుగుదల గంటలలోనే మందగిస్తుంది. రెండవది నెమ్మదిగా వస్తుంది. నీటితో పాటు పైకి వెళ్ళిన సోడియం, క్లోరైడు అయానులు ముదురు ఆకులలో పేరుకొని, ఎంజైములకు అడ్డుపడి, ఆకుల కొనలను ఎండగొడతాయి. కొత్త ఆకులు పుట్టే వేగం కంటే పాత ఆకులు చనిపోయే వేగం ఎక్కువైతే మొక్క నిలవదు. సిలికాన్ ప్రధానంగా పనిచేసేది ఈ రెండవ దశలోనని చెప్పవచ్చు.

పైర్లన్నీ ఉప్పును ఒకే విధంగా తట్టుకోవు. 1977లో మాస్, హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పట్టిక ప్రకారం బార్లీ దిగుబడి మీటరుకు 8 డెసీసీమెన్స్ వరకు తగ్గదు. గోధుమకు ఈ హద్దు 6. వరికి 3 మాత్రమే. ఆపై పెరిగే ప్రతి యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. చౌడు నేలలలో నీరు నిలబెట్టి వరి వేయడం ఆనవాయితీ కనుక వరి ఉప్పుకు ఓర్చే పైరని పలువురు భావిస్తారు. నిజానికి అక్కడ వరిని కాపాడేది నిలిచిన నీరు లవణాలను పలుచన చేసి క్రిందికి దించడమే. నారు దశలోను, పూత దశలోను వరి ఉప్పుకు చాలా సున్నితమైనది.

మొక్కలలో సిలికాన్

ఇసుకలోను, బంకమట్టిలోను ఉన్న సిలికాన్ యథాతథంగా మొక్కకు అందదు. ఖనిజాలు నెమ్మదిగా కరిగినపుడు వెలువడే మోనోసిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే వేర్లు గ్రహిస్తాయి. ఇది విద్యుదావేశం లేని చిన్న అణువు. నేల ద్రావణంలో ఇది సాధారణంగా లీటరుకు 0.1 నుండి 0.6 మిల్లీమోల్ వరకు ఉంటుంది. సుమారు 2 మిల్లీమోల్‌లను మించితే అణువులు ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడి సిలికా జెల్‌గా మారుతాయి. ఆకులలో జరిగేది ఇదే. బాష్పోత్సేకం వలన నీరు ఆవిరైపోగా మిగిలిన సిలిసిక్ ఆమ్లం గట్టిపడి, అవభాసిని క్రింద గాజు వంటి పలుచని పొరగా స్థిరపడుతుంది. ఒకసారి గట్టిపడిన సిలికా మొక్కలో మరొక చోటికి కదలదు. వరి ఆకు అంచు చేతిని కోయడానికి, ఊక త్వరగా కుళ్ళకపోవడానికి సిలికాయే ప్రధాన కారణం.

మొక్కల పొడి బరువులో సిలికాన్ 0.1 శాతం నుండి 10 శాతం వరకు ఉంటుంది. ఏ ఇతర ఖనిజ మూలకంలోనూ జాతుల మధ్య ఇంత అంతరం కనిపించదు. వరి, చెరకు, గోధుమ వంటి గడ్డిజాతి పైర్లు దీనిని అధికంగా కూడబెడతాయి. దోస జాతి మొక్కలు మధ్యస్థంగా గ్రహిస్తాయి. టమాటాలో ఇది అత్యల్పం.

ఇంతగా ఉన్నప్పటికీ సిలికాన్‌ను ఆవశ్యక పోషకాల జాబితాలో చేర్చలేదు. ఆర్నాన్, స్టౌట్ 1939లో నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం, ఏ మూలకం లేకపోతే మొక్క తన జీవితచక్రాన్ని పూర్తిచేయలేదో అదే ఆవశ్యకం. సిలికాన్ కలపని ద్రావణంలో కూడా చాలా మొక్కలు పూచి కాస్తాయి. అయితే అటువంటి మొక్కలు పొలంలోని మొక్కలకు ప్రతినిధులు కావని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇమాన్యుయెల్ ఎప్‌స్టీన్ 1994లో వాదించాడు. సహజమైన నేలలో సిలికాన్ లేని స్థితి ఉండదు. ప్రయోగశాలలో వాడే ప్రామాణిక పోషక ద్రావణమే ఒక అసహజ పరిస్థితి అని ఆయన అభిప్రాయం. లవణ ఒత్తిడిపై వచ్చిన ఫలితాలను అర్థం చేసుకోవడానికి ఈ మాట చాలా ముఖ్యం.

సిలికాన్ రవాణా జన్యువులు

వరి వేరు సిలికాన్‌ను ఎలా గ్రహిస్తుందో 2006 వరకు స్పష్టంగా తెలియదు. ఆ సంవత్సరం జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయానికి చెందిన జియాన్ ఫెంగ్ మా బృందం ఎల్.ఎస్.ఐ.1 అను జన్యువును గుర్తించింది. దీని ద్వారా తయారయ్యే ప్రోటీను ఆక్వాపోరిన్ కుటుంబానికి చెందినది. సిలిసిక్ ఆమ్లాన్ని కణంలోనికి రానిచ్చే ద్వారంగా పనిచేస్తుంది. 2007లో అదే బృందం కనుగొన్న ఎల్.ఎస్.ఐ.2 దానిని కణం నుండి లోపలి వైపుకు, అనగా దారువు దిశగా, నెట్టివేస్తుంది. ఈ రెండు ప్రోటీనులు వేరులోని ఎక్సోడెర్మిస్, అంతశ్చర్మం అను రెండు పొరలలో, ఒకే కణానికి ఎదురెదురు వైపుల అమరి ఉంటాయి. సిలికాన్‌ను ఒక వైపు నుండి లోనికి తీసుకొని మరొక వైపు నుండి సాగనంపే ఈ జోడి వల్లనే వరి మిగతా పైర్ల కంటే ఎక్కువ సిలికాన్‌ను గ్రహించగలుగుతుంది. టమాటాలో రెండవ ప్రోటీను సక్రమంగా పనిచేయకపోవడమే ఆ మొక్కలో సిలికాన్ తక్కువగా ఉండటానికి కారణమని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

వరిలో సోడియం ప్రవేశం, సిలికాన్ అడ్డుకట్ట

నీరు, లవణాలు వేరు మధ్యనున్న దారువును చేరడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి కణాల లోపలి నుండి. ఈ మార్గంలో ప్రతి అయాను కనీసం ఒక ప్లాస్మా పొరను దాటాలి కనుక మొక్కకు దానిపై అదుపు ఉంటుంది. రెండవది కణకుడ్యాల మధ్య ఖాళీల గుండా సాగేది. దీనిని ఎపోప్లాస్ట్ మార్గం అంటారు. ఎక్సోడెర్మిస్, అంతశ్చర్మం కణాల మధ్య కాస్పేరియన్ పట్టీలు అను నీరు అంటని పదార్థపు కట్టుబడి ఈ రెండవ మార్గాన్ని మూసివేస్తుంది. కాని ఆ మూత సంపూర్ణం కాదు. లేత వేరు కొనలలో పట్టీలు ఇంకా ఏర్పడి ఉండవు. పిల్లవేర్లు పొడుచుకు వచ్చేచోట పట్టీలు తెగిపోతాయి. ఆ సందుల నుండి బయటి ఉప్పునీరు వడపోత లేకుండా నేరుగా దారువులోకి చేరుతుంది. దీనిని దొడ్డిదారి ప్రవాహంగా భావించవచ్చు. వరిలో ఇది ఇతర ధాన్యపు పైర్లలో కంటే ఎక్కువ. ఉప్పుకు వరి అంత సున్నితంగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఉప్పు వలన వరికి కలిగే హానిని సిలికేట్ తగ్గిస్తుందని జపాన్‌కు చెందిన మాతో, తకహాషి తదితరులు 1986లోనే ప్రకటించారు. అది ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో యియో, ఫ్లవర్స్ తదితరులు 1999లో ఒక సమాధానం సూచించారు. సిలికాన్ ఈ దొడ్డిదారిని కుదిస్తుందన్నది వారి ప్రతిపాదన. 2006లో గాంగ్, రాండల్, ఫ్లవర్స్ దానిని మరింత వివరంగా పరీక్షించారు.

వారు వరి నారును లీటరుకు 50 మిల్లీమోల్ సోడియం క్లోరైడు గల ద్రావణంలో పెంచి, కొన్నింటికి 3 మిల్లీమోల్ సిలికేట్ చేర్చారు. ఇంత ఉప్పు సుమారు 5 డెసీసీమెన్స్ వాహకతకు సమానం, అనగా వరి ఓర్పు హద్దును దాటినది. సిలికేట్ అందిన మొక్కలలో పైభాగం మెరుగ్గా పెరిగింది, వేర్ల పెరుగుదలలో మాత్రం తేడా రాలేదు. పైభాగంలో సోడియం తగ్గింది, కాని పొటాషియం రవాణాలో మార్పు లేదు. దొడ్డిదారిని కొలవడానికి కణపు పొరలను దాటలేని ఒక మెరిసే రంగుద్రవ్యాన్ని ద్రావణంలో కలిపారు. కణాల లోపలి నుండి ప్రయాణించలేదు కనుక దారువు రసంలో కనిపించిన రంగు అంతా సందుల గుండా వచ్చినదే. ఈ ప్రవాహం సిలికాన్ లేని మొక్కలలో సుమారు 4.2 శాతం ఉండగా సిలికాన్ అందినవాటిలో 0.8 శాతానికి తగ్గింది. విడివిడి మొక్కలను పరిశీలించినపుడు దారువు రసంలో రంగు ఎక్కువగా ఉన్నదానిలో సోడియం కూడా ఎక్కువగా ఉన్నది.

నాలుగు శాతం అన్నది చిన్న సంఖ్యగా తోచవచ్చు. కాని బయటి ద్రావణంలో 50 మిల్లీమోల్ సోడియం ఉన్నపుడు 4.2 శాతం నీరు వడపోత లేకుండా వస్తే, ఆ దారి నుండే దారువు రసంలో సుమారు 2 మిల్లీమోల్ సోడియం చేరుతుంది. 0.8 శాతమైతే అది 0.4 మాత్రమే. దారువు రసం రోజంతా ఆకులలోకి ప్రవహిస్తూ, నీరు ఆవిరై, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుందని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది.

ఈ ప్రయోగంలో మరొక గమనించదగిన అంశం కలదు. ఆకులపై ఏర్పడే సిలికా పొర బాష్పోత్సేకాన్ని తగ్గించి, తద్వారా ఉప్పు రాకను కూడా తగ్గిస్తుందన్న వివరణ చాలా పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది. కాని ఉప్పు ఒత్తిడిలో సిలికాన్ అందిన మొక్కలలో బాష్పోత్సేకం తగ్గలేదు. ఉప్పు పెట్టడానికి 7 రోజుల ముందు నుండే సిలికేట్ పొందిన నారులో అది పెరిగింది కూడా. కనుక సోడియం తగ్గడానికి కారణం నీటి ప్రవాహం తగ్గడం కాదు. ఎక్స్-రే విశ్లేషణలో వేరు బయటి భాగంలోను, అంతకంటే స్పష్టంగా అంతశ్చర్మంలోను సిలికాన్ నిక్షేపాలు కనిపించాయి. సిలికాన్ అందిన వరి వేర్లలో సుబెరిన్, లిగ్నిన్ పొరలు త్వరగా, దట్టంగా ఏర్పడతాయని 2011లో జర్మనీలో జరిగిన అధ్యయనం తెలిపింది. అనగా సిలికాన్ కొంతవరకు తానే సందులను పూడుస్తూ, కొంతవరకు మొక్క స్వయంగా కట్టుకునే గోడను బలపరుస్తుంది. కేరళ తీరానికి చెందిన పొక్కాలి వరి వేర్లలో ఇటువంటి పొరలు పుట్టుకతోనే దట్టంగా ఉంటాయి. ఆ వరి ఉప్పును తట్టుకోవడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

దీనిని బట్టి ఒక పరిమితి కూడా తెలుస్తుంది. దొడ్డిదారి ఎక్కువగా ఉన్న పైరులోనే, వంగడంలోనే సిలికాన్ వలన మేలు ఎక్కువ. ఆ దారి ముందే మూసుకుపోయిన చోట సిలికాన్ చేయగలిగినది తక్కువ.

ఇతర ప్రభావాలు, వివాదం

గోధుమ ఉప్పును తట్టుకోవడంలో సిలికాన్ పాత్రను కరాచీలో అహ్మద్ తదితరులు 1992లో వివరించారు. సర్కారు తుమ్మపై అంతకు ముందే, 1990లో, ఇటువంటి ఫలితం వచ్చింది. చైనాలో లియాంగ్ తదితరులు బార్లీపై చేసిన వరుస ప్రయోగాలలో సిలికాన్ వలన వేరు కణాల ప్రోటాన్ పంపుల చురుకుదనం పెరిగిందని, యాంటీఆక్సిడెంట్ ఎంజైములు అధికమైనాయని, కణపు పొరలు తక్కువగా దెబ్బతిన్నాయని కనుగొన్నారు. ప్రోటాన్ పంపులు బలంగా ఉంటే సోడియంను కణం బయటకు గాని, రిక్తికలోకి గాని తరలించడం సులభమవుతుంది. టమాటాలో సోడియం పెద్దగా తగ్గకపోయినా ఆకులలో నీటి నిల్వ మెరుగుపడినట్లు 2006లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు తెలిపారు. వీటికి తోడు వందలాది జన్యువుల చురుకుదనంలో మార్పులు నమోదైనాయి.

ఈ జాబితా ఎంత పొడవుగా ఉన్నా దానిలో కారణమేది, పర్యవసానమేది అన్నది వేరు ప్రశ్న. ఆకులోకి సోడియం తక్కువగా చేరితే అక్కడ ఆక్సీకరణ హాని సహజంగానే తగ్గుతుంది, ఎంజైములు కూడా మారుతాయి. అంతమాత్రాన సిలికాన్ ఆ ఎంజైములను స్వయంగా ప్రేరేపించినట్లు కాదు. వరి వేరు కణాలలోకి సోడియం రాకపోకల వేగాన్ని రేడియోధార్మిక ఐసోటోపులతో కొలిచిన 2018 నాటి అధ్యయనంలో, సిలికాన్ ఆ వేగాన్ని మార్చలేదని, దొడ్డిదారి ప్రవాహాన్ని మాత్రమే తగ్గించిందని తేలింది. 2019లో కాస్కున్ తదితరులు ఈ విషయాలను క్రోడీకరించి, సిలికాన్ మొక్కలో ప్రధానంగా చేసే పని కణాల వెలుపలి దారులకు అడ్డు నిలవడమేనని ప్రతిపాదించారు. ఉప్పు, భార లోహాలు, శిలీంధ్రాలు ఇలా పరస్పరం సంబంధంలేని ఒత్తిడులన్నింటిలోను ఒకే మూలకం ఎందుకు ఉపయోగపడుతుందో ఈ ప్రతిపాదన సరళంగా వివరిస్తుంది. జీవరసాయన చర్యలలో సిలికాన్‌కు ప్రత్యక్ష పాత్ర ఉన్నదని భావించే శాస్త్రజ్ఞులు దీనిని పూర్తిగా అంగీకరించరు. వరి విషయంలో మాత్రం ఆధారాలు అడ్డుకట్ట వాదం వైపే ఎక్కువగా మొగ్గుతున్నాయి.

ప్రయోగశాల నుండి పొలానికి

సిలికాన్ మేలును చూపిన ప్రయోగాలలో అధిక భాగం మట్టి లేని పోషక ద్రావణాలలో, కొద్ది రోజులు లేదా వారాలపాటు, నారు దశలో జరిగినవి. వాటిలో పోల్చి చూసేందుకు వాడిన మొక్కకు సిలికాన్ దాదాపు అందదు. పొలంలో పైరుకు ఎంతో కొంత సిలికాన్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. ఆ నేలలో లభ్య సిలికాన్ చాలినంత ఉంటే అదనంగా వేసినదానికి ప్రయోగశాలలో కనిపించినంత ఫలితం ఉండదు. లోపం ఉన్న చోటనే ఫలితం ఎక్కువ.

సిలికాన్‌తో పాటు వచ్చే అయానుల సంగతి కూడా చూడాలి. పొటాషియం సిలికేట్ వేస్తే పొటాషియం, కాల్షియం సిలికేట్ వేస్తే కాల్షియం మొక్కకు చేరతాయి. ఈ రెండూ సోడియం హానిని స్వయంగా తగ్గించగలవు. ఆ మేరకు పోలిక మొక్కలకు కూడా పొటాషియం, కాల్షియం ఇవ్వని ప్రయోగాలలో ఘనత దేనికి చెందుతుందో చెప్పలేము. చౌకగా దొరికే సోడియం సిలికేట్‌ను చౌడు పొలంలో వేయడం అంటే ఉన్న సోడియంకు మరికొంత జతచేయడమే.

వరి ప్రతి ఏటా నేల నుండి ఎంత సిలికాన్ తీసుకుంటుందన్నది ఇక్కడ ముఖ్యమైన విషయం. హెక్టారుకు 5 టన్నుల ధాన్యం పండించే పైరు 230 నుండి 470 కిలోగ్రాముల సిలికాన్‌ను గ్రహిస్తుందని అంచనా. ఇది నత్రజని కంటే ఎక్కువ. ఇందులో అధిక భాగం గడ్డిలోను, ఊకలోను ఉంటుంది. గడ్డి తిరిగి పొలానికి చేరితే ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. గడ్డిని అమ్మివేసి, ఊక మిల్లు బాయిలర్లకో ఇటుక బట్టీలకో వెళ్ళిపోతే నేల నిల్వ తరుగుతుంది.

జపాన్‌లో ఉక్కు కర్మాగారాల చిట్టెంను సిలికేట్ ఎరువుగా 1955లో గుర్తించి వరి పొలాలలో విస్తృతంగా వాడుతున్నారు. అక్కడ దాని లక్ష్యం ప్రధానంగా అగ్గి తెగులు, పైరు పడిపోవడం వంటివాటిని అరికట్టడమే గాని ఉప్పు కాదు. చిట్టెంలో భార లోహాలు ఉండవచ్చు కనుక పరీక్షించకుండా వాడరాదు. సిలికాన్ ద్రావణాలను ఆకులపై పిచికారీ చేసే పద్ధతి కూడా ప్రచారంలో ఉన్నది. అయితే సోడియం ప్రవేశించేది వేరు నుండి. అడ్డుకట్ట ఏర్పడవలసినది వేరు పొరలలో. ఒకచోట గట్టిపడిన సిలికా మరొక చోటికి కదలదు కనుక ఆకుపై చల్లినది వేరులోని సందులను పూడుస్తుందని ఆశించడానికి ఆధారం బలహీనం.

అందుబాటులో ఉన్న వనరు వరి ఊక. ధాన్యం బరువులో సుమారు అయిదవ వంతు ఊక ఉంటుంది. ఊకను కాల్చితే దానిలో సుమారు అయిదవ వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుండి 95 శాతం వరకు సిలికాయే. అయితే అది కాలిన వేడిని బట్టి ఉపయోగం మారుతుంది. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు కాలిన నల్లని లేక బూడిదరంగు ఊక బూడిదలో సిలికా స్ఫటికాలు కాకుండా ఉండి, నెమ్మదిగానైనా నీటిలో కరుగుతుంది. అంతకు మించిన వేడిలో కాలినది స్ఫటిక రూపంలోకి మారి దాదాపు ఇసుకతో సమానమవుతుంది. కనుక రెండు మిల్లుల నుండి వచ్చిన ఒకే బరువు గల బూడిద పొలంలో ఒకే ఫలితాన్ని ఇవ్వదు. బూడిద క్షార స్వభావం కలది. అందువలన పి.హెచ్. ఇప్పటికే ఎక్కువగా ఉన్న కారుచౌడులో దీనిని భూసార పరీక్ష చేయించకుండా వేయడం తగదు. పాలచౌడులో వాడదలచినప్పుడు నారుమడి దశ అనుకూలమైనది. వరి ఉప్పుకు ఎక్కువగా లొంగే దశ అది. చిన్న విస్తీర్ణం కనుక బూడిద తక్కువ సరిపోతుంది. పైగా ఉప్పు తగలక ముందే సిలికాన్ అందిన నారుకు మేలు కలిగినట్లు పైన పేర్కొన్న 2006 నాటి ప్రయోగం తెలుపుతున్నది.